మామిడితోట పద్ధతిలో ఐసీయూ కాపలా

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్లే దారిలో, ఊరు అయిపోయి తోటలు మొదలయ్యే చోట, మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది. అందులో మనుషుల ప్రాణాలు కాపాడే పని డాక్టర్లది. ఆ డాక్టర్ల యంత్రాలను జనం ఫోన్ల నుంచి కాపాడే పని శేషగిరిరావుది. ఈ రెంటిలో ఏది గొప్పదని అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పడు. కాస్త ఆలోచించి, "డాక్టర్లు కూడా కష్టపడతారండీ, కాదనకూడదు" అంటాడు.

అంతకుముందు ఆయన తోటలు గుత్తకు తీసుకునేవాడు. పూత నిలిచిన ఏడు మీసం పైకి, గాలివానకు కాయ రాలిన ఏడు మీసం కిందికి, అలా చాలాకాలమే నడిచింది. చివరికి గాలివానలు వరసగా గెలుస్తూ ఉండటంతో, "ఇక చాల్లెండి. ఆకాశం వంక చూసి చూసి మీకు మెడనొప్పి, మీ వంక చూసి చూసి నాకు తలనొప్పి" అని భార్య తులసమ్మ తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో తులసమ్మ తీర్పుల మీద అప్పీలు లేదు. ఆయన గుత్తకు తీసుకున్న తోటల్లో ఒకటి, ఈ ఆసుపత్రి పెట్టిన డాక్టరు గోపాలకృష్ణ తండ్రిగారిది. ఆ చనువుతో డాక్టరు పిలిపించి, "బాబాయ్, అంత తోట కాసినవాడివి, ఇంత ఐసీయూ కాయలేవా?" అన్నాడు. ఖాకీ చొక్కా కుట్టించుకోవడానికి శేషగిరిరావు ఆ సాయంత్రమే దర్జీ దగ్గరికి వెళ్లాడు.

ఆ ఆసుపత్రిలో ఫోన్ల చట్టం చాలా స్పష్టమైనది. కింద హాల్లో, వరండాల్లో, క్యాంటీన్లో, మెట్ల మీద ఎవరైనా మాట్లాడుకోవచ్చు. పక్కవాడి చెవికి చిల్లు పడకపోతే చాలు. వార్డుల్లో మోత తీసేసి ఉంచుకోవాలి, యంత్రాలున్న మంచానికి రెండు గజాలు ఎడంగా జరిగి మాట ముగించుకోవాలి. ఛార్జింగు పెట్టుకోవడానికి మంచం పక్కనున్న ప్లగ్గులు పీకరాదు. పక్క రోగిని ఫొటో తీయరాదు, వాడెంత చుట్టమైనా సరే. ఇక ఐసీయూలోకి వెళ్లేవాళ్లు ఫోను పూర్తిగా ఆపేసి, గుమ్మం దగ్గరున్న ట్రేలో పెట్టి వెళ్లాలి.

ఎందుకో మొదటి రోజే లలిత సిస్టరు వివరించింది. ఐసీయూకి పెద్ద నర్సు ఆమె. "ఫోను గాల్లోకి సిగ్నలు వదుల్తూనే ఉంటుంది రావుగారూ. అది మరీ పక్కకొస్తే మందెక్కించే పంపు, గుండె చూపించే మానిటరు తికమకపడొచ్చు. ఎప్పుడూ పడతాయని కాదు. పడినప్పుడు మాత్రం మనిషి ప్రాణం మీదికొస్తుంది."

"అర్థమైందమ్మా. చదివింపులు రాసేవాడి చెవి పక్కన సన్నాయి ఊదినట్టు."

లలిత సిస్టరు ఒక్క క్షణం ఆలోచించింది. "అంతేనండీ" అంది. ఆ తరవాత కొత్త నర్సులకు ఆవిడ కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టింది.

కాపలా విషయంలో శేషగిరిరావు సొంత శాస్త్రం ఒకటుంది. అది తోటల్లో పుట్టిన శాస్త్రం. కాయ దొంగ ఎక్కడో పైలోకం నుంచి ఊడిపడడు. పక్క వీధివాడే అయి ఉంటాడు, ఒక్కోసారి వియ్యపురాలి తమ్ముడు కూడా అయి ఉంటాడు. వాణ్ని పట్టుకుంటే పంచాయితీ, పలకరింపులు బంద్, పెళ్లి భోజనాల్లో ఎడమొహం పెడమొహం. కనక తెలివైన కాపలావాడు దొంగను పట్టుకోడు. తాను వస్తున్నట్టు ముందే చాటుతాడు. దగ్గుతాడు, కర్రతో డబ్బా కొడతాడు, కేక వేస్తాడు. దొంగ గోడ దూకి వెళ్లిపోతాడు, కాయ చెట్టునే ఉంటుంది, చుట్టరికం చెడకుండా ఉంటుంది. తోటల్లో ఫోను సిగ్నలు సరిగా ఉండదు కనక, ఆ చివరా ఈ చివరా ఉన్న కాపలావాళ్లు మాట్లాడుకోవడానికి ఆయన అప్పట్లోనే వాకీటాకీలు వాడేవాడు. ఒక్కో వరసలోకి అడుగుపెట్టే ముందు సెట్టు నొక్కి, "శేషగిరి బంగినపల్లి వరసలోకి వస్తున్నాడు" అని గట్టిగా చెప్పేవాడు. అది అవతలి కాపలావాడి కోసం కాదని అందరికీ తెలుసు.

ఆసుపత్రిలోనూ డాక్టరు రెండు సెట్లు కొనిచ్చాడు. ఒకటి కింద గేటు దగ్గర సలోమోను చేతిలో, రెండోది పైన శేషగిరిరావు నడుముకు. చెయ్యి పొడుగు యాంటెన్నాతో ఆ సెట్టు తగిలించుకున్న రోజు నుంచి ఆగిరిపల్లిలో జనం ఆయన్ను ఐసీయూ రావుగారనడం మొదలుపెట్టారు. ఆయన ఆ బిరుదును నిరాకరించలేదు.

ప్రతిసారీ ఐసీయూ గుమ్మంలో నిలబడి సెట్టు నొక్కేవాడు. "హలో సలోమోనూ! శేషగిరి ఐసీయూలోకి ప్రవేశిస్తున్నాడు. ఓవర్."

"ఓకే రావుగారూ. కింద టీ వచ్చింది. ఓవర్."

ఆ ప్రకటనతో లోపల కలకలం పుట్టేది. చీర కొంగుల్లోంచి, లుంగీ మడతల్లోంచి ఫోన్లు బయటికొచ్చి, సిగ్గుపడుతూ ట్రేలోకి చేరేవి. ఆయన ఎవర్నీ తిట్టేవాడు కాదు. గుమ్మం పక్కనే ఉన్న ఒకటో నంబరు మంచం దగ్గర ఆగి, నలువైపులా కలియజూసి, మళ్లీ సెట్టు నొక్కి, "ఐసీయూ క్లియర్" అని లోకానికి అభయమిచ్చి బయటికి నడిచేవాడు.

ఇలా సుఖంగా సాగుతున్న రాజ్యంలోకి, కాయలు జోరుగా దిగుతున్న మే నెలలో, మామిడి వ్యాపారి కృష్ణమూర్తి శెట్టి గుండెనొప్పితో వచ్చిపడ్డాడు. ఒకటో నంబరు మంచం ఆయనకే దక్కింది. గుండెకు మందు చుక్క చుక్కగా ఎక్కుతోంది. మందు కంటే ఆయనకు ఫోను అవసరం ఎక్కువగా ఉంది. సీజన్లో మామిడి వ్యాపారి చెవికి ఫోను లేకపోవడం అంటే పెళ్లికొడుకు పీటల మీద లేకపోవడమే.

"ఏమయ్యా శేషగిరీ, ఒక్క కాల్. ఢిల్లీ లారీ బయల్దేరిందో లేదో కనుక్కుని ఇచ్చేస్తా."

"బయల్దేరిందండీ."

"నీకెలా తెలుసు?"

"బయల్దేరకపోతే మీకు గుండెనొప్పి ఇంకా పెరిగేదండీ. మానిటర్లో గీత బానే ఉంది."

మర్నాడు శెట్టిగారింటి నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. లోపల గడ్డిలో మాగేసిన చిన్న రసాలు. శెట్టిగారికి చక్కెర జబ్బు. చక్కెర జబ్బు మనిషికి, అదీ ఐసీయూలో, రసాలు ఎవరు పంపుతారు? శేషగిరిరావు పెట్టెను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మాగిన కాయ వాసన కమ్మగానే వచ్చింది గాని, బరువు ఒకవైపు తూగింది. మాగేసేవాడు కాయల్ని అలా సర్దడు. గడ్డిలో చెయ్యిపెట్టి, కాయల మధ్యలోంచి నల్లటి ఫోను తీసి ట్రేలో పెట్టాడు.

"ఈ రకం ఇంకా పచ్చిగా ఉంది శెట్టిగారూ. ఇంటికెళ్లాక తిందురుగాని."

అంతా నవ్వుకున్నారు. కాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అంతవరకూ పంపు ఎరగని ఆ ఒకటో మంచానికి, శెట్టిగారి మందు కోసం ఆ మధ్యాహ్నం పంపు పెట్టారు. అది ఉన్నట్టుండి కూత పెట్టి ఆగిపోవడం మొదలైంది. లలిత సిస్టరు పరిగెత్తుకొచ్చి మళ్లీ నడిపించేది. కాసేపు బుద్ధిగా నడిచేది, మళ్లీ కూత. కంపెనీ మనిషి వచ్చి చూసి, పంపులో ఏ లోపమూ లేదన్నాడు. పంపు మార్చారు. కొత్తదీ అదే పాట అందుకుంది.

"ఎవరి దగ్గరో ఆన్‌లో ఉన్న ఫోనుంది" అంది లలిత సిస్టరు.

శేషగిరిరావు వంకీ తిరిగిన మీసంతో శెట్టిగారి వైపు చూశాడు. "నా దగ్గర లేదయ్యా బాబూ, వెంకన్న సాక్షి" అన్నాడు శెట్టి. అప్పటికే గడ్డిపెట్టెలో పరువు పోగొట్టుకున్న మనిషి సాక్ష్యానికి విలువేముంటుంది? శేషగిరిరావు కాపలా ముమ్మరం చేశాడు. గంటకోసారి వెళ్లడం మాని, కాళ్లు ఎటు తీసుకెళ్తే అటే ఐసీయూ అన్నట్టు తిరిగాడు. ప్రతిసారీ గుమ్మంలో ప్రకటన, మంచం దగ్గర అభయం. దిండ్లు దులిపాడు, టిఫిన్ క్యారేజీలు విప్పించాడు, ఒక పెద్దావిడ కొప్పు మీద కూడా కన్నువేశాడు. ఆయన ఎంత ముమ్మరం చేస్తే పంపు అంత ముమ్మరంగా కూసింది. యంత్రానికి కూడా రావుగారంటే హడలే అని నర్సులు చాటుగా అనుకున్నారు.

శుక్రవారం డాక్టరు గోపాలకృష్ణ ఆయన్ను తన గదిలోకి పిలిచాడు. "బాబాయ్, ఏమీ అనుకోకు. మా పార్ట్‌నర్లు విజయవాడ నుంచి సెక్యూరిటీ ఏజెన్సీని పెడదామంటున్నారు. సోమవారం వాళ్ల మనిషి వస్తున్నాడు. ఈలోగా ఆ ఫోనేదో దొరికితే, నీ తరఫున మాట్లాడ్డానికి నాకో మాట ఉంటుంది."

"దొరక్కపోతే డాక్టరుగారూ?"

డాక్టరు బల్లమీద కాగితాలు సర్దుకున్నాడు. అవి సర్దే ఉన్నాయి.

ఇంటికెళ్లి సంగతి చెబితే తులసమ్మ, "పోతే పోనీండి, ఇంట్లో కూర్చుందురుగాని. నాకూ చేతికింద మనిషి కావాలి. పప్పులో రాళ్లేరాలి, డాబా మీద కారానికి మిరపకాయలు ఎండబెట్టాలి, కోతులొస్తాయి, కాపలా ఉండాలి" అంది. ఓదార్పుగానే అంది. శేషగిరిరావుకు అన్నం సయించలేదు. ఐసీయూ ముందు నిలబడ్డ మనిషి, డాబా మీద మిరపకారానికి కాపలా! ఊళ్లో తన వెనకాల ఏ బిరుదు పుడుతుందో ఆయన ఊహించుకోగలడు. అది ఊహించుకుంటూ మజ్జిగ కూడా వదిలేశాడు.

శనివారం నాటికి ఒక నిర్ణయానికొచ్చాడు. చాటింపు పనిచేయనప్పుడు కాపలాశాస్త్రంలో మిగిలేది ఒక్కటే: మాటు వేయడం. తోటల్లో ఎన్నడూ ఆయన ఆ పని చేయలేదు. అది మర్యాదస్తుల పని కాదని ఆయన నమ్మకం. కాని ఇప్పుడు మర్యాద చూసుకుంటే మిరపకారమే గతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చప్పుడు చేయకుండా ఐసీయూలోకి జొరబడి, ఒకటో నంబరు మంచం వెనక తెర పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మాటు వేసినవాడి నడుము మాట్లాడకూడదు గనక సెట్టు ఆపేశాడు.

ఆ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. శెట్టిగారి కోడలు రాధ వచ్చింది. ఫోను ఆపి బుద్ధిగా ట్రేలో పెట్టి, మామగారి కాళ్లు పిసికి వెళ్లింది. మూడో మంచం వాళ్లొచ్చారు, వెళ్లారు. పంపు కిమ్మనలేదు. చుక్క తరవాత చుక్క వదులుతూ, పాఠం అప్పజెప్పే మంచి విద్యార్థిలా పని చేసుకుపోయింది. శెట్టిగారు హాయిగా గుర్రుపెట్టారు. శేషగిరిరావు కూడా కాస్త కునుకు తీశాడేమో, రికార్డుల్లో లేదు.

సాయంత్రానికి ఆయన లేచి నిలబడ్డాడు. దొంగ లేడు. ఉన్నా ఈ రోజు రాలేదు. ఆ సంగతి కిందికి చెబుదామని సెట్టు ఆన్ చేసి నొక్కాడు. "హలో సలోమోనూ..."

పంపు కూత పెట్టింది.

లలిత సిస్టరు పరిగెత్తుకొచ్చింది. శెట్టిగారు ఉలిక్కిపడి లేచారు. పంపును దారిలో పెట్టి, "ఇప్పుడెవరండీ వచ్చింది?" అని అడుగుతూనే ఆవిడ ఐదో మంచం పిలుపుకు వెళ్లిపోయింది. ఎవరూ రాలేదు. శేషగిరిరావు మంచం కిందికి వంగి చూశాడు. దొంగ ఈ చుట్టుపక్కలే ఉన్నాడు. ఇలాంటప్పుడు గేటు మూయించాలి. మళ్లీ సెట్టు నొక్కాడు. "సలోమోనూ, గేటు..."

పంపు మళ్లీ కూసింది. సిస్టరు మళ్లీ వచ్చి, మళ్లీ సరిచేసి, ఆయన వైపు వింతగా చూసి వెళ్లింది.

శేషగిరిరావు తన నడుము వైపు చూసుకున్నాడు. నడుముకు వేలాడుతున్న సెట్టును చూశాడు. మూడు మూరల దూరంలో ఉన్న పంపును చూశాడు. ఈ మూడో చూపుకు ఆయన మీసం, గాలివాన ఏడాది కూడా దిగనంత కిందికి దిగింది. ఇక నొక్కి చూడాల్సిన అవసరం లేకపోయింది.

"చూశాలే" అన్నాడు మంచం మీంచి శెట్టి, మెల్లగా.

"ఏంటండీ చూసింది?"

"నువ్వు చూసిందే. ఇలా రా, కూర్చో. మనిద్దరం బేరం తెలిసినవాళ్లం." శెట్టి గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి నువ్వా సెట్టు బయట వదిలేసి రా. పంపు కూయదు. శేషగిరి దెబ్బకు దొంగ పారిపోయాడంటారు. ఏజెన్సీ లేదు, గీజెన్సీ లేదు. నేను నోరు మెదపను."

"మీకేంటండీ దీనివల్ల?"

"పొద్దున్నే మార్కెట్లో కాయల వేలంపాటల టైముకి నా ఫోను నాకివ్వు. కాసేపే. నీ సెట్టు నేను చూళ్లేదు, నా ఫోను నువ్వు చూళ్లేదు."

బేరం ఎంత గుండ్రంగా ఉందంటే, ఎక్కడా పట్టుకుని కాదనడానికి అంచు దొరకలేదు. శేషగిరిరావు ఒప్పుకోబోయాడు కూడా. పెదవి దాకా వచ్చిన మాటను ఆపి, ఎందుకో ఇంకో మాట అడిగాడు.

"శెట్టిగారూ, ఈ పంపు ఆగినప్పుడల్లా మీకేమన్నా తెలిసేదా?"

"తెలియకేం? గుండె దడదడ, ఒళ్లంతా చెమట. నీ మొహం చూసి అనుకునేవాణ్ని."

శేషగిరిరావు పంపు వంక చూశాడు. తోటలో అన్నేళ్లు కాశాడు. కాయలు పోయాయేమో గాని, తన చాటింపు వల్ల ఒక్క చెట్టూ వాడిపోలేదు. పైగా ఈ సెట్టు తనొక్కడిదీ కాదు. తను ఇంటికెళ్లాక రాత్రి డ్యూటీ మనిషి దీన్నే నడుముకు తగిలించుకుంటాడు. తనను చూసే ఆ గుమ్మం ప్రకటన కూడా నేర్చుకున్నాడు. తను నోరు మూసుకుంటే వాడు మూసుకోడు.

"బేరం కుదరదండీ" అన్నాడు లేస్తూ.

"పోనీ నీ రేటేంటో చెప్పు!"

"పడుకోండి శెట్టిగారూ. గీత ఎగురుతోంది."

డాక్టరు గదిలో లలిత సిస్టరు కూడా ఉంది. శేషగిరిరావు సెట్టు ఆపి, రెండు చేతులతో, తాంబూలంలా బల్లమీద పెట్టాడు.

"దొంగ దొరికాడు డాక్టరుగారూ."

"ఎవరు బాబాయ్?"

"ఇదుగో వీడు. రోజూ వీణ్ని మోసుకుంటూ లోపలికి తీసుకెళ్లింది నేను."

స్టోర్‌రూములో ఉన్న ఖాళీ పంపు తెప్పించి నడిపించారు. సెట్టు దగ్గరగా పెట్టి నొక్కితే కూసింది. వరండాలోకి వెళ్లి నొక్కితే ఊరుకుంది. లలిత సిస్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఫోను గొంతు కంటే దీని గొంతు చాలా పెద్దదండీ. ఫోన్ల గురించి అంత చెప్పి, దీని మాటే తలుచుకోలేదు నేను."

"కొన్నది నేనేగా" అన్నాడు డాక్టరు. ముగ్గురూ కాసేపు ఆ సెట్టు వంక, తప్పంతా అదే ఒప్పుకోవాలన్నట్టు చూశారు. తరవాత డాక్టరు అన్నాడు: "పార్ట్‌నర్లకు ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు బాబాయ్. సోమవారం ఏమంటారో చూద్దాం."

ఆదివారం శేషగిరిరావు తులసమ్మకు కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని, "కారానికి ఎండలు బాగానే ఉన్నాయి" అంది.

సోమవారం ఏజెన్సీ మనిషి రానే వచ్చాడు. బూట్లు మెరుస్తున్నాయి. డాక్టరు, ఆయన పార్ట్‌నర్లిద్దరూ వెంట నడుస్తుంటే, ఆసుపత్రి తన చేతికి వచ్చేసినట్టే చూసుకుంటూ మెట్లెక్కాడు. నడుముకు ఒక సెట్టు, భుజానికి ఒక సెట్టు. ఐసీయూ గుమ్మంలో శేషగిరిరావు ట్రే పట్టుకుని, వట్టి నడుముతో నిలబడి ఉన్నాడు.

"సెట్లు ఆపేసి ఇందులో పెట్టండి."

"నేను సెక్యూరిటీ అండీ."

"నేనూ అదేనండీ."

"ఇవి ఫోన్లు కావు. ఇవి లేకపోతే మా డ్యూటీయే ఉండదు. మేం ఆరుగురం వస్తాం, ఆరుగురికీ ఆరు సెట్లుంటాయి" అంటూ ఆ మనిషి భుజం మీది సెట్టు మీద బొటనవేలు పెట్టాడు. శేషగిరిరావు జీవితంలో మొదటిసారి, చాటింపు లేకుండా, దగ్గు కూడా లేకుండా, ఒక మనిషి చెయ్యి పట్టేసుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు.

"నొక్కకండి. లోపల పంపు మీద మనిషున్నాడు."

పార్ట్‌నర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన, "ఆరు సెట్లా?" అని డాక్టర్ని అడిగాడు. డాక్టరు అవునన్నట్టు తలూపాడు. తరవాత వాళ్లు కింద గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, ఏజెన్సీ మనిషి కాఫీ తాగి, బూట్లు మెరిపించుకుంటూ విజయవాడ బస్సెక్కాడు. మధ్యాహ్నానికి చట్టంలో కొత్త వాక్యం చేరింది: వాకీటాకీలు మెట్లు దాటి పైకి రాకూడదు, ఎవరివైనా సరే. ఆ వాక్యాన్ని గోడకు అంటించింది శేషగిరిరావే.

ఇప్పుడు సెట్లు రెండూ కిందే, గేటుకూ పార్కింగుకూ మధ్య మాట్లాడుకుంటున్నాయి. పైన గుమ్మంలో ఆయన నోటితో కూడా ప్రకటించడం లేదు. ట్రే చాపి, మనిషి కళ్లలోకి చూస్తాడు. ఫోను దానంతటదే వస్తుంది. శెట్టిగారు వార్డుకు మారి, తన మంచానికి రెండు గజాల అవతల గోడకు ఆనుకుని, మోత లేని ఫోనుతో గుసగుసగా లారీలు నడుపుకుంటున్నారు.

ఇబ్బందల్లా సలోమోనుకే. పైకి కబురు చెప్పాలంటే మెట్లెక్కాలి. ఒక సాయంత్రం ఒక చేత్తో ఫ్లాస్కు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రొప్పుతూ పైకొచ్చాడు. "రావుగారూ, టీ వచ్చిందని చెప్పడానికొచ్చా. ఓవర్."

"ఇంత దూరం ఎక్కింది ఆ ముక్క చెప్పడానికా?"

"మరి కిందుంటే మీరు దిగరు కదండీ."

ఇద్దరూ మెట్ల మలుపులో కూర్చుని టీ పోసుకున్నారు. కిటికీలోంచి తోటల మీది గాలి వస్తోంది. శేషగిరిరావు జేబులో ఫోను మోగింది. తులసమ్మ. ఆయన లేచి, అటూ ఇటూ చూసి, చుట్టుపక్కల యంత్రమేదీ లేదని రూఢి చేసుకుని, టీ ఫ్లాస్కును కూడా ఒకసారి అనుమానంగా చూసి, దాన్ని సలోమోను వైపు ఇంకాస్త జరిపి, అప్పుడు, "చెప్పు తులసీ" అన్నాడు.